నీతి, న్యాయము, సమాధానము: ఆసియా శిక్షణా శిబిరాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

గత యాభై అరవై సంవత్సరాలుగా ఆసియా ఖండంలోని సంఘాలు, సంఘానుబంధ సంస్థలు న్యాయ శాంతి కార్యకర్తల కోసం శిక్షణా శిబిరాలు నడుపుతూ వచ్చాయి. మనీలా, బ్యాంకాక్, హాంకాంగ్ వంటి నగరాలలో జరిగిన శిబిరాలకు వెళ్ళివచ్చిన దైవసేవకులు మన తెలుగు సంఘాలలో కూడా ఉన్నారు. వారు తెచ్చిన నివేదికలను, శిబిరం పేరు అచ్చువేసిన గుడ్డసంచులను మేము ఎరుగుదుము. ఆ నివేదికలలో ఎక్కువ భాగం కృతజ్ఞతతో ఆరంభమై కృతజ్ఞతతోనే ముగుస్తాయి గనుక, శిక్షణ పద్ధతిని వేదాంతపరంగా పరీక్షించే పని మిగిలిపోయింది. శిబిరాలు వద్దనేవారి పక్షాన మేము ఈ వ్యాసం వ్రాయడం లేదు. సంఘానికి రాజకీయాలెందుకు అనే పాత వాదన జోలికి పోవడం కూడా మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న వేరు. అక్కడ నేర్చుకున్నది, నేర్చుకున్న మనిషితోపాటు అతని పాస్టరేటులోకి ఏ భాషలో ప్రవేశిస్తున్నది?

ముందుగా పద్ధతిని చూద్దాము. ఈ శిబిరాల రూపురేఖలను తీర్చినవాటిలో ముఖ్యమైనవి రోమన్ కాథలిక్ సంఘానికి చెందిన ఆసియా బిషప్పుల సమాఖ్య నడిపిన సామాజిక కార్యాచరణ శిక్షణలు. మొదటిది 1974లో ఫిలిప్పీన్స్ దేశంలోని నొవాలిచెస్‌లో జరిగింది. ఏడవది 1986లో థాయిలాండ్‌లోని హువా హిన్‌లో జరిగింది. ఏడవ శిక్షణ ముగింపు ప్రకటనలో నాలుగు దశల క్రమం స్పష్టమైన రూపం పొందింది. మొదట పేదల మధ్యకు వెళ్ళి కొన్ని దినములు వారితో నివసించాలి. తరువాత వారి స్థితికి కారణాలను సామాజిక విశ్లేషణ ద్వారా వెదకాలి. ఆ విశ్లేషణను ధ్యానములో దేవుని యెదుట ఉంచాలి. చివరకు సంఘపరమైన ప్రణాళిక వేయాలి. మూడవ దశను చేర్చడం ఆసియా సంఘాల ప్రత్యేకత అని మేము భావిస్తున్నాము. విశ్లేషణ ఒక్కటే సరిపోదనీ, ఆసియా పేదలు మతవిశ్వాసం గలవారు గనుక వారి ఆత్మీయ జీవితాన్ని ప్రక్కన పెట్టి వారిని అర్థం చేసుకోలేమనీ వారు గుర్తించారు.

ఒక బిషప్పు మురికివాడలోని గుడిసెలో నిద్రించడం చిన్న సంగతి కాదు. అయినను లూకా సువార్త 10వ అధ్యాయము వెలుగులో ఈ మొదటి దశను పరీక్షింపవలసి యున్నది. డెబ్బదిమందిని పంపినప్పుడు ప్రభువు వారి సంచిని, చెప్పులను కూడా తీసివేయించాడు. ఒకే ఇంట నిలిచి, అక్కడ పెట్టినది తినమన్నాడు. వారు ఆ ఇంటివారిని పరిశీలించడానికి వెళ్ళినవారు కారు, ఆ ఇంటివారి మీద ఆధారపడినవారు. శిబిరంలో జరిగే సందర్శనలో అతిథికి తిరుగు ప్రయాణపు టికెట్టు ముందే చేతిలో ఉంటుంది. మూడు రాత్రుల తరువాత వాహనం వస్తుంది. అటుపిమ్మట చార్టు కాగితాల మీద ఆ కుటుంబం అప్పు, కూలి, కులం అన్నీ బాణం గుర్తులతో కలుపబడతాయి. ఆ చార్టు చూచే అవకాశం మాత్రం ఆ కుటుంబానికి ఉండదు. పేదవాడు ఇక్కడ పాఠమయ్యాడు గాని విద్యార్థి కాలేదు.

ఇదే ఖండంలో ఇందుకు భిన్నమైన శిక్షణ అంతకు ముందే ఆరంభమైనదని మన విద్యార్థులు తెలిసికోవాలి. 1968లో సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత మనీలాలోని టోండో మురికివాడలో, అమెరికా నుండి వచ్చిన హెర్బర్ట్ వైట్ అనే పాదిరి ప్రజలను సంఘటితపరచు విధానంలో శిక్షణ ఇచ్చాడు. శిక్షణ స్థలము హోటలు కాదు, ఆ వాడే. 1970లో టోండోలో ఏర్పడిన ప్రజాసంఘానికి త్రినిదాద్ హెర్రెరా అనే ఆ వాడ స్త్రీయే నాయకురాలైంది. మార్కోస్ సైనిక పాలనలో 1977లో ఆమెను నిర్బంధించి హింసించారు. ఈ విధానంలోనూ లోపాలున్నవి. నీటి కుళాయి, ఇంటి స్థలము వంటి గెలువగలిగిన పోరాటాల మీదనే దృష్టి నిలుపుతుందనీ, ధ్యానానికి చోటివ్వదనీ దానిపై ఆక్షేపణ ఉన్నది. ఆ ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. అయితే ఇక్కడ నేర్చుకున్నవారికి వెళ్ళిపోయే ఊరు వేరే లేదు.

ఈ రెండు విధానాల మధ్య ఫిలిప్పీన్స్ అహింసా శిక్షణలు ఉన్నవి. మా వాదనకు ఇదే ముఖ్యమైన ఉదాహరణ గనుక కొంచెం వివరంగా చెప్పవలసి వస్తున్నది. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అకీనో మనీలా విమానాశ్రయంలో హత్య చేయబడ్డాడు. ఆయుధాలు పట్టుదామనే ఆలోచన మధ్యతరగతి క్రైస్తవులలో కూడా బలపడుతున్న సమయమది. 1984లో ఇంటర్నేషనల్ ఫెలోషిప్ ఆఫ్ రికన్సిలియేషన్‌కు చెందిన జాన్ గోస్, హిల్డెగార్డ్ గోస్-మేయర్ దంపతులు అక్కడికి వచ్చి బిషప్పులకు, గురువులకు, కార్మిక నాయకులకు, విద్యార్థులకు అహింసా శిక్షణలు నిర్వహించారు. అదే సంవత్సరం జూలైలో జోస్ బ్లాంకో అనే జెసూయిట్ గురువు నాయకత్వాన అక్కాప్కా అనే సంస్థ ఏర్పడింది. శాంతి న్యాయాల కొరకైన కార్యాచరణ అని ఆ పేరునకు అర్థము. మొదటి సంవత్సరంలోనే అది 30 ప్రావిన్సులలో 40 శిక్షణలు జరిపింది. 1986 ఫిబ్రవరి 22 నుండి 25 వరకు మనీలా ఎడ్సా రహదారి మీద యుద్ధట్యాంకుల యెదుట జపమాలలు పట్టుకొని మోకరించిన జనసమూహంలో ఈ శిక్షణ పొందినవారు ఉన్నారు.

ఎడ్సా విజయాన్ని శిబిరాల ఖాతాలో వేయడం సరికాదు. రక్షణమంత్రి ఎన్రిలే, జనరల్ రామోస్ తిరుగుబాటు చేయకపోతే, కార్డినల్ సిన్ రేడియోలో ప్రజలను పిలువకపోతే ఆ రహదారి నిండేది కాదు. మా దృష్టిని ఆకర్షించినది మరొకటి. అక్కడివారు అహింస అనే మాటను ఉన్నదున్నట్లు తర్జుమా చేయలేదు. వారి టాగలాగ్ భాషలో ‘అలాయ్ దంగాల్’ అన్నారు, అనగా గౌరవమును అర్పించుట. హింస లేకపోవడం అని చెప్పే మాటకు బదులు, ఎదుటి సైనికునికి సైతం మనిషిగా గౌరవమిచ్చి, తన గౌరవాన్ని తాను నిలబెట్టుకొనే క్రియను సూచించే మాట వారికి దొరికింది. సామాన్య విశ్వాసికి అందే మాట అది.

ఆ మాట పొలము గట్టు వరకు వెళ్ళిందా? ఎడ్సా జరిగి ఏడాదైనా నిండకముందే, 1987 జనవరి 22న, భూమి కోసం అధ్యక్ష భవనానికి నడిచివచ్చిన రైతులపై మెండియోలా వంతెన వద్ద కాల్పులు జరిగి 13 మంది చనిపోయారు. 1988లో భూసంస్కరణ చట్టం వచ్చినను, అధ్యక్షురాలు కొరజోన్ అకీనో పుట్టింటివారి హసియెండా లూయిసిటా భూమిని రైతులకు పంచకుండా, కంపెనీ వాటాలుగా చూపే వెసులుబాటు ఆ చట్టంలోనే ఉన్నది. 2004 నవంబరు 16న అక్కడ సమ్మె చేస్తున్న ఏడుగురు కాల్చబడ్డారు. భూమిని పంచవలసినదేనని సుప్రీంకోర్టు తుది తీర్పు 2012లో వెలువడింది. నియంతను ఎదిరించుటకు తర్ఫీదు పొందిన విశ్వాసి, తన పక్షాన నిలిచిన భూస్వామిని ఎదిరించుటకు తర్ఫీదు పొందలేదు. 1 రాజులు 21వ అధ్యాయములో నాబోతు ద్రాక్షతోట పోయిన విధానము గమనార్హము. అక్కడ సైన్యం రాలేదు. ఉపవాసదినము చాటించబడింది, పెద్దలు కూర్చున్నారు, సాక్షులు పలికారు. ఊరంతా పద్ధతి ప్రకారమే నడిచింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాము. శిబిరంలో వినిపించే జంట మాటలను మనవారు ‘న్యాయము, శాంతి’ అని తెలుగులో చెబుతారు. కాని మన విశ్వాసి చేతిలోని తెలుగు బైబిలులో కొండమీది ప్రసంగం చదివినప్పుడు అతనికి కనబడేవి ‘నీతి’, ‘సమాధానము’. నీతి అనగానే మన సంఘాలలో త్రాగకపోవడం, అబద్ధమాడకపోవడం, వ్యక్తిగత ప్రవర్తన గుర్తుకు వస్తాయి. న్యాయము అంటే కోర్టు. ఆమోసు ప్రవక్త న్యాయమును, నీతిని ఒకే ప్రవాహముగా చూపినను, మన ప్రసంగాలలో అవి రెండు వేర్వేరు శాఖలైపోయాయి. సమాధానము సంగతి ఇంకా కష్టమైనది. మామూలు తెలుగులో అది జవాబు. సంఘములో అది మనశ్శాంతి. పల్లెలో పెద్దమనుషుల నోట అది రాజీ.

ఇది కేవలం పదాల చర్చ కాదు. దళితవాడలో ఎవరినైనా కొట్టినా, చంపినా, కేసు పెట్టిన కుటుంబం దగ్గరకు ముందుగా పంపబడేది పాస్టరుగారే. “అయ్యగారూ, మీరు చెబితే వింటారు, సమాధానపరచండి” అంటారు. ఆ మాట అడిగినవారు మత్తయి 5:9 ఎరుగకపోయినా, పాస్టరుగారు ఎరుగును. శిబిరంలో పదిహేను దినములు ఆంగ్లంలో శాంతిని గూర్చి నేర్చుకొని వచ్చిన సేవకునికి, ఆ గడపలో నిలబడి ‘ఇది సమాధానము కాదు’ అని తెలుగులో చెప్పగల మాటలు ఎవరైనా నేర్పారా? యిర్మీయా 6వ అధ్యాయము అందుకు ఉన్నది. గాయమును పైపైన బాగుచేసి సమాధానమని ప్రకటించినవారిని ప్రవక్త అక్కడ గద్దిస్తున్నాడు. ఈ వాక్యభాగం మీద సామాజిక విశ్లేషణతో కూడిన తెలుగు పాఠమొకటి చేతిలో ఉంటే, విదేశీ శిబిరపు ఫైలు కంటె ఎక్కువ పని చేస్తుందని మా అభిప్రాయము.

గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు. మృతులలో బైబిలు పేర్లు గలవారు ఉన్నారు. విచారణకు ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊరిలోనే ఏర్పాటైంది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దానిపై అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మొదటి తీర్పు రావడానికే పదహారు సంవత్సరాలు పట్టింది. అన్నేళ్ళపాటు సాక్ష్యమునకు కట్టుబడి నిలిచినవారిని నిలబెట్టినదేమిటో, ఆ ఆదివారాలలో వారు ఏ ప్రసంగాలు విన్నారో, ఏ కీర్తనలు పాడుకున్నారో మన సెమినరీలలో ఎవరైనా కూర్చొని వ్రాసుకున్నారా? ఆ సాక్షులలో కొందరినైనా బోధకులుగా పిలిచి, వారి ఊరిలోనే, వారి మాటలలోనే ఒక శిక్షణ ఏర్పాటు చేయడానికి విమాన టికెట్టు అవసరం లేదు. తెనాలి వరకు రైలు ఉన్నది.