బంతి ఉపమానం ఎంతవరకు నిలుస్తుంది?

విద్యుదావేశాల మధ్య బలం ఎట్లా కలుగుతుందో చెప్పవలసి వచ్చినప్పుడు జనరంజక విజ్ఞాన గ్రంథాలు తరచుగా ఒక ఉపమానాన్ని ఆశ్రయిస్తాయి. మంచుమీద జారే ఇద్దరు మనుషులు ఒక బంతిని విసురుకొంటూ ఉంటారు. విసిరినవాడు వెనుకకు జరుగుతాడు. పట్టుకొన్నవాడూ వెనుకకే జరుగుతాడు. రెండు ఎలక్ట్రానులు కూడా ఇట్లాగే ఫోటానులను మార్చుకొని దూరమవుతాయట! మంచుమీది ఆట మన విద్యార్థులు ఎరుగనిది. నిలకడ నీటిపై రెండు పడవలను ఊహించుకొన్నా సరిపోతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అక్కడా అదే.

వికర్షణ వరకు ఈ కథ నడుస్తుంది. కాని చురుకైన విద్యార్థి ఒకడు లేచి, "మరి ప్రోటాను ఎలక్ట్రానును ఎట్లా ఆకర్షిస్తున్నదండీ?" అని అడిగితే ఉపాధ్యాయుడు ఏమి చెప్పాలి? హైడ్రోజన్ పరమాణువు నిలిచి ఉన్నదే ఆ ఆకర్షణ వల్ల. దీనికి కొందరు రచయితలు బూమరాంగును తెచ్చారు. ఇద్దరూ వీపులు ఎదురెదురుగా నిలబడతారు. ఒకడు తన ముందుకు విసిరి, ఆ తాకిడికి రెండవవాని వైపు జరుగుతాడు. బూమరాంగు చుట్టు తిరిగివచ్చి రెండవవానిని ముందునుంచి తాకి లోపలికి నెడుతుంది. ఈ అతుకు అసలు చిరుగుకంటే అధ్వాన్నమని నా అభిప్రాయం. బూమరాంగు వంపు తిరిగేది గాలి వల్ల. శూన్యంలో ఫోటానును వంచేదేమిటి? అంతకంటె ముఖ్యమైన సంగతి, ఎదుట ఉన్నది ధనావేశమో ఋణావేశమో బంతికీ తెలియదు, బూమరాంగుకూ తెలియదు. ఆవేశపు గుర్తు ప్రసక్తే లేకుండా విద్యుద్బలాన్ని వివరించటం వింత కాదా?

బంతి శక్తిని మోసుకొనిపోతుంది. కదలక ఉన్న రెండు ఆవేశాల మధ్య మారే ఫోటానుకు శక్తి సున్న. ద్రవ్యవేగం మాత్రం సున్న కాదు. వెలుగులోని ఏ ఫోటానుకూ ఇది సాధ్యం కాదు. అందుకే దీనిని మిథ్యా ఫోటాను అంటారు. దర్పణంలోని మిథ్యా ప్రతిబింబంవలె ఇదీ తెరపై పట్టుబడదు. పైగా ద్రవ్యవేగం నిశ్చితమైతే స్థానం నిశ్చితం కాదు గనుక, ఇక్కడ బయలుదేరి అక్కడికి చేరిందని దానికి దారి గీయలేము. కొన్ని పుస్తకాలు అనిశ్చితత్వ నియమం దగ్గరే ఆగిపోతాయి. ఆ నియమం ఆకర్షణకు ఉన్న అడ్డంకిని తొలగిస్తుంది గాని, విజాతి ఆవేశాలు ఎప్పుడూ ఆకర్షించుకొనటానికే కారణం చెప్పదు.

కారణం లెక్కలో ఉన్నది. 1932లో బేతే, ఫెర్మీలు రెండు ఎలక్ట్రానుల పరస్పర చర్యను ఫోటాను మారకంగా గణించారు. తరువాత ఈ శాస్త్రాన్ని సమగ్రం చేసిన టొమొనాగా, ష్వింగర్, ఫైన్‌మన్‌లకు 1965లో నోబెల్ బహుమానం లభించింది. ఈ గణనలో ఫోటాను పుట్టేచోట ఒక ఆవేశం, లయించేచోట రెండవ ఆవేశం తమ గుర్తులతో సహా వచ్చి గుణింపబడతాయి. లబ్ధం ధనమైతే దగ్గరయ్యేకొద్దీ శక్తి పెరుగుతుంది, అంటే వికర్షణ. లబ్ధం ఋణమైతే శక్తి తగ్గుతుంది, అంటే ఆకర్షణ.

ఉన్నత పాఠశాలలో ఇంత గణితం ఎట్లా చెప్పటం? అవసరం లేదు. క్షేత్రశక్తి క్షేత్రబలపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని చెబితే చాలు. సమానమైన ధనావేశాలు గల రెండు చిన్న గోళాలను ఒకేచోట చేర్చగలిగితే, వాటి చుట్టూ క్షేత్రం రెట్టింపై, శక్తి ఒక్క గోళపు శక్తికి నాలుగు రెట్లవుతుంది. దూరంగా ఉన్నప్పుడు అది రెండు రెట్లే. ఒకటి ధనం, ఒకటి ఋణమైతే క్షేత్రాలు పరస్పరం రద్దయి శక్తి సున్నకు దిగుతుంది. ఫోటాను ఈ క్షేత్రపు క్వాంటమే గనుక ఇది వేరే కథ కాదు. మారే కణపు స్పిన్ కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. ఫోటాను స్పిన్ 1 కావటం వల్ల సజాతి ఆవేశాలు వికర్షించుకొంటాయి. స్పిన్ సున్న గల కణం మారితే సజాతి మూలాలు ఆకర్షించుకొంటాయి. బంతిలో ఈ భేదానికి చోటెక్కడ?

ఆ ఉపమానానికి ఒక్క ఉపయోగం మాత్రం ఒప్పుకొంటాను. బరువైన బంతి దూరం పోదు. ఫోటానుకు నిశ్చల ద్రవ్యరాశి లేదు గనుక విద్యుద్బలం విలోమ వర్గ నియమాన్ని అనుసరిస్తూ ఎంత దూరమైనా వ్యాపిస్తుంది. పరమాణు కేంద్రకంలోని బలం అతి స్వల్ప దూరానికే పరిమితం కావటాన్ని బట్టి, 1935లో యుకావా ఎలక్ట్రానుకు సుమారు 200 రెట్ల ద్రవ్యరాశి గల కణాన్ని ఊహించాడు. 1947లో పావెల్ బృందం ఫోటోగ్రాఫిక్ ఫలకాలలో పైయానును కనుగొన్నది. ఆవేశం గల పైయాను ద్రవ్యరాశి ఎలక్ట్రానుకు 273 రెట్లు.