పెండ్లి బట్టలు

ఆషాఢ మాసమున మనవారు పెండ్లిండ్లు చేయరు. క్రొత్త కోడలిని అత్తవారింట నుంచక పుట్టినింటికి పంపుదురు. కాని యా మాసమునందే అమీరుపేట నానుకొనియున్న బల్కంపేటలో ఎల్లమ్మ తల్లికి కల్యాణము జరుగును. మొదటి మంగళవారమునాడు జనులు వేలకొలదిగా వచ్చి కూడుదురు. ప్రభుత్వము పక్షమున అమ్మవారికి పట్టువస్త్రములు సమర్పింపబడును. మనుష్యులకు నిషిద్ధమైన మాసము దేవతకు ముహూర్త మెట్లయ్యెనని యడుగువారు లేరు; అడుగ నవసరమును లేదు. మేము గమనించిన వింత వేఱొకటి. ఆ కల్యాణమునకు కూతవేటు దూరమున, అమీరుపేట కూడలి మొదలు పంజాగుట్ట వఱకు నున్న బట్టల దుకాణములు ఆ నెలలోనే ధరలు తగ్గించితిమని నిలువెత్తు పలకలు కట్టి, శ్రావణమున ముహూర్తములు పెట్టుకొన్నవారిని చేతులెత్తి పిలుచుచుండును. పంచాంగమునకు శూన్యమాసమైనది వర్తకమునకు నిండుమాసమైనది.

మా పెద్దల కాలమున పెండ్లి చీరలకు పత్తర్‌గట్టీకో, సుల్తాన్ బజారుకో, సికింద్రాబాదు జనరల్ బజారుకో పోవుచుండిరి. 2017 నవంబరు 29న మియాపురము నుండి నాగోలు వఱకు మెట్రో బండ్లు నడువసాగెను. 2018 సెప్టెంబరు 24న అమీరుపేట నుండి పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగరము దారియు తెఱువబడెను. నాటి నుండి నగరపు ఏ మూల నున్నవారికైనను అమీరుపేట నట్టింటి వంటిదైనది. అచ్చటి మేడలలో మఱియొక విశేషము కలదు. మీది యంతస్తులలో యువకులు కంప్యూటరు విద్య నేర్చుచుందురు. క్రింది యంతస్తులలో చీరల బేరములు జరుగుచుండును. మీద వరుని జీతము తయారగును, క్రింద అది వ్యయమగును. అది వరుని జీతమే యయిన మాకు చింతలేదు. ఆ బేరములకు పెక్కుమార్లు రూక లిచ్చునది వధువు తండ్రి. అవియు అప్పు తెచ్చినవి.

ఈ దుకాణములలో సంప్రదాయము అను మాట వినబడని యంతస్తు లేదు. ఆ మాట నొకమారు గీటురాతి మీద గీచి చూతము.

మధుపర్కములు చూపుమన్నచో అమ్మకపు పిల్ల తెల్లని నూలు పంచెను, సన్నని రంగు అంచు గల తెల్లచీరను ముందుంచును. చదువరులలో సంస్కృతము తెలిసినవారికి ఇందలి చిత్రము తెలియనిది కాదు. మధుపర్కమనగా బట్ట కాదు. పెరుగును తేనెను కలిపి, ఇంటికి వచ్చిన పూజ్యునకు ఇచ్చునట్టిది మధుపర్కము. ఆచార్యుడు, రాజు, మామ, వరుడు దీనికి అర్హులని గృహ్యసూత్రములు చెప్పుచున్నవి. ఆ పూజతో పాటు ఇచ్చిన బట్టలకు కాలక్రమమున ఆ తేనె పెరుగుల పేరే యంటుకొన్నదని తోచుచున్నది. తెలుగు దేశమున బ్రాహ్మణ కుటుంబములలో హెచ్చుగా వాడుకలో నున్న ఆపస్తంబ సూత్రమున వరుడు కన్యకు అహతవస్త్రము కట్టబెట్టవలెనని యున్నది. అహతమనగా ఉతుకుపడని క్రొత్తబట్ట. అది క్రొత్తదై యుండవలెనని చెప్పినాడే గాని, జరీ యెంత తూగవలెనో సూత్రకారుడు చెప్పలేదు.

ఇక జీలకఱ్ఱ బెల్లము, మంగళసూత్రము. నేటి మన పెండ్లికి ఈ రెండును ప్రాణములు. ఇవి యా సూత్రములలో కానరావు. మఱి వీనిని తెచ్చినవా రెవరు? ఊళ్ళు, ఇండ్లు, ఇండ్లలోని స్త్రీలు. సూత్రకారు డీ సంగతి యెఱుగనివాడు కాడు. మంత్రములు లేని యాచారములను స్త్రీలవలన తెలిసికొనవలెనని వ్రాసి యతడు తప్పుకొనెను. ఆపస్తంబునియందు మాకు గౌరవము పెరిగిన తావులలో నిది యొకటి. పెండ్లి యాచారము మారరానిది యనువారు ఈ యొక్క వాక్యము చదివినను చాలును. అడిగి తెలిసికొను నాచారము అడిగినప్పుడెల్ల కొంత మారుచునే యుండును.

తెలంగాణపు ఇండ్లలో ఇట్టి యాచారములు కొల్లలు. మైలపోలు తీయుట, కుమ్మరి యింటి నుండి ఐరేని కుండలు తెచ్చుట, ఎదురుకోళ్ళు, పుట్టినింటిదొకటి మెట్టినింటిదొకటిగా రెండు పుస్తెలు కట్టుట మొదలగునవి యెన్నియో. వీనిలో కొన్ని యందమైనవి. ఐరేని కుండల మీది ముగ్గులు చూచినవారు మఱువలేరు. కాని యీ యాచారముల వెనుక కులవృత్తుల వెట్టియు కొంత దాగియుండెను. చాకలి, కుమ్మరి, మంగలి చేసిన పనికి ఇచ్చినది పుచ్చుకొని పోవలసినదే కాని, అడుగు నధికారము లేదు. కావున పోయిన ప్రతి యాచారమునకును కంట తడి పెట్టుట మా చేతగాదు.

నేడు నలుగు పోయి హల్దీ వచ్చినదని, సంగీత్ వచ్చినదని, లంగా ఓణీకి మాఱు లెహంగా వచ్చినదని, ఉత్తరాదివారు మన పెండ్లిని మింగివేసినారని కొందఱు పత్రికలలో వాపోవుచున్నారు. ఈ వాపోత మాకు రుచింపదు. ఈ నగరమున మహమ్మదీయ కుటుంబములలో మాంజే యను వేడుక కలదు. దానిలో వధువు పసుపుపచ్చని బట్టలు కట్టి పసుపు పూయించుకొనును. మన నలుగు, వారి మాంజే ఒకే వీథిలో ఇరుగుపొరుగుల జరిగినవే. ఏది యెవరిదని తగవులాడినవారు లేరు. కావున పసుపుపచ్చ క్రొత్తది కాదు. ఆ యొక్క పూట కొఱకు బంధువు లెల్లరును పసుపుపచ్చని క్రొత్త బట్టలే కట్టిరావలె నను ఆంక్ష క్రొత్తది. నలుగునకు పాత చీర చాలెడిది. పసుపు మరకలగునని పాతదే కట్టెడివారు. హల్దీకి పాతది పనికిరాదు, ఏలయన ఫొటోలో కనబడును. వేడుక పేరు మారుటలో నష్టము లేదు. పాత చీర పనికిరాకపోవుటలో నున్నది నష్టము.

దూరదేశముల నుండి కట్టు వచ్చుట ఈ నగరమునకు అలవాటే. 1931 నవంబరు 12న ఫ్రాన్సు దేశపు నీస్ నగరమున నిజాము కుమారు లిద్దఱికి పెండ్లిండ్లు జరిగెను. వధువులు తుర్కు రాజవంశమువారు: కడపటి ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వారు, ఆమె బంధువు నీలోఫరు. వారిచ్చటికి వచ్చి చీర కట్టి, ఆ కట్టుటలోని సొగసునకే పేరుపొందిరి. పెండ్లికుమార్తె అత్తవారి దేశపు బట్ట కట్టుటయు ఇచ్చగించి కట్టిన అందమే. అంతకు ఆఱేండ్లు ముందు 1925లో తుర్కు దేశము శాసనము చేసి మానిపించిన ఎఱ్ఱని టోపీ, రూమీ టోపీ యను పేర ఇచ్చట మఱి యిరువదేండ్లకు పైగా కొలువునకు గుర్తుగా నిలిచెను. షేర్వానీ తొడిగి ఆ టోపీ పెట్టిన హిందూ ఉద్యోగులు ఎందఱో యుండిరి. నేడు షేర్వానీ తొడిగి పీటల మీద కూర్చుండ వచ్చిన తెలుగు వరుని జూచి వెక్కిరించువారు తమ తాతగారి ఫొటో నొకసారి గోడ మీదనుండి దింపి చూచుకొనవలెను.

ఖడా దుపట్టా యని హైదరాబాదు మహమ్మదీయ వధువుల కట్టొకటి కలదు. చూడీదారు, కుర్తా, వానిపైన ఆఱు గజముల ఓణీ. ఇందు జరీ పని చాల బరువు, వెలయు బరువే. ఐనను దానిని తల్లి దాచి కూతున కిచ్చుట వారిలో వాడుక. ఒక బట్ట రెండు పెండ్లిండ్లు చూచిన దాని వెల సగమైనట్లే గదా. ఈ చిన్న లెక్క మన యిండ్లలో నెక్కకున్నది. తల్లి పెండ్లి చీర కూతురు ముహూర్తమున కట్టిన, క్రొత్తది కొనలేకపోయిరని వియ్యపురాలు అనుకొనునేమో యని భయము.

ఇక పెట్టుపోతలు. పెండ్లి బట్టల వ్యయమున దీనికి మించిన వ్యర్థము లేదు. వియ్యపురాలికి పట్టుచీర, ఆడుబిడ్డలకు పట్టుచీరలు, వారి అత్తలకు మఱికొన్ని, పిన్నమ్మలకు కొంచెము తక్కువవి, వచ్చిన ముత్తైదువులందఱికి జాకెట్టు గుడ్డలు. దుకాణములలో దీనికై వేఱు బల్ల గలదు. పెట్టుబడి చీరలని యడిగిన అచ్చటికి పంపుదురు. ఆ చీరల గుణ మేమన, ఎవ్వరును తమకై కొననివి, ఇతరులకు పెట్టుటకే పుట్టినవి. పుచ్చుకొన్న యామె కట్టదు. బీరువాలో నుంచి రాబోవు పెండ్లిలో మఱియొకరికి పెట్టును. ఆమె వేఱొకరికి. మడత విప్పబడకుండ ఒకే చీర నాలుగిండ్లు తిరిగి, మొదట కొన్న యిల్లాలి చేతికే వచ్చిన కథ చదువరులలో పలువురు వినియుందురు. నవ్వుకొనుట బాగున్నది, కాని మొదటి కొనుబడికి తెచ్చిన యప్పునకు వడ్డీ పెరుగుట ఆగదు. 1961 నాటి వరకట్న నిషేధ శాసనము ఆచారముగ నిచ్చు కానుకలను, స్తోమతకు మించకున్నచో, కట్నముగా నెంచదు. ఆ చిన్న సందు గుండ గంపలకొలది పట్టు పోవుచున్నది. ఏ చీర యెవరికి, ఎన్ని వేలదని వరుని వైపువారు వ్రాసి పంపిన పట్టికను కానుక లనవలెనా? శాసనకర్తలు అన్నను మేమనము.

పట్టు లేనిదే పెండ్లి కాదని, పట్టు మడికి శ్రేష్ఠమని మనవా రందురు. ఒక్క చీరకు కావలసిన పట్టు తీయుటకు వేలకొలది కాయలను పురుగులతో నుడికింతురు. చీమకు నూక పెట్టు నింట ఇది శుచి యెట్లయ్యెనో మాకు తెలియదు. ఈ మాటను ఇంతటితో విడుతుము. దీనిపై వాదించి గెలిచినవారిని మే మెఱుగము.

విడువరానిది నేతగాని మాట. హైదరాబాదునకు రెండు గంటల దూరము లేని పోచంపల్లిలో, నూలును పట్టును నేతకు ముందే ముడులు కట్టి రంగులలో ముంచి, ఆ రంగుల కొసలు మగ్గము మీద ఒండొంటితో కలియునట్లు నేయుదురు. గద్వాలలో ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెంటిని మగ్గము మీదనే కలుపుదురు. వేసవి ముహూర్తమునకు దానికంటె హాయియైన చీర లేదు. ఐనను అమీరుపేట దుకాణములో పోచంపల్లి యని చూపునది పెక్కుమార్లు మరమగ్గపు బట్ట మీద అచ్చువేసిన బొమ్మ. గృహిణులకు మేము చెప్పు ఉపాయ మొకటే: చీరను వెనుకకు త్రిప్పి చూడవలెను. నేసినది రెండు ప్రక్కల నొకే తీరున నుండును. అచ్చువేసినది వెనుక వెలవెలబోవును. 1985లో పార్లమెంటు 22 రకముల బట్టలను చేమగ్గమునకే ప్రత్యేకింప శాసనము చేసినది. నేడు ఆ పట్టికలో 11 మాత్రము మిగిలినవి. చీర వానిలో నున్నది. కొనువారు అడుగనిచో శాసనము పెట్టెలోని పెట్టుబడి చీర వంటిదే. 2019–20 నాటి చేనేత గణనలో నెలకు 5,000 రూపాయల లోపు ఆదాయము గల నేతకుటుంబములు సగమునకు మించి తేలినవి. ఆ యిండ్లలోను ఆడుపిల్లలున్నారు. వారికిని పెండ్లిండ్లు కావలెను, వారి వియ్యపురాండ్రును పట్టే యడుగుదురు.

బట్టల విషయమున మాటిమాటికి వినబడు నాక్షేపణ యొకటి కలదు: జన్మకొక్క పెండ్లి, పిల్ల ముచ్చట పడినది, మీ సంస్కారములకు అదియే దొరికినదా యని. పిల్ల నిజముగ ముచ్చట పడి తన సంపాదనతో కొనుక్కొన్నచో మేము మాటాడము. ఉద్యోగము చేయు కన్యలు నేడు చాలమంది. వారి రూక, వారి యిష్టము. కాని దుకాణములో మేము చూచునది వేఱు. పిల్లకు తేలికది నచ్చును. ముహూర్తమునకు ఇది చాలదని తల్లి యనును. వీడియోలో బరువుగా కనబడదని తోడువచ్చిన చుట్ట మనును. తండ్రి వెల చీటీ చూచి మాటాడక కూర్చుండును. స్త్రీల నడిగి తెలిసికొమ్మన్న సూత్రము ఇచ్చట నెక్కడ నిలిచినది? ఉన్న స్త్రీలలో నడుగబడనిది వధువే.

ఇప్పు డీ రెండు పేటలలోను లెహంగాలను, పెండ్లి నగలను దినమునకింత యని అద్దెకిచ్చు దుకాణములు వెలసినవి. వీనిని మేము మెచ్చుకొందుము. దూరమున మధ్యధరా సముద్రపు టొడ్డున ట్యునీషియా యను చిన్న దేశము కలదు. అచ్చట మహ్దియా వంటి పట్టణములలో వధువు కట్టు పట్టు జరీ బట్టలు మిక్కిలి బరువైనవి, వెలగలవి. ఆ దేశము 1956 ఆగస్టు 13న బహుభార్యాత్వమును నిషేధించుచు గొప్ప శాసనము చేసెను. అంతటి మార్పు వచ్చినను అవ్వల కట్టు పోలేదు. వేడుక పలుదినములు సాగునప్పుడు ఒకనాడు తెల్లని ఐరోపా గౌను తొడుగుదురు, ఒకనాడు పాత జరీ బట్ట కట్టుదురు. ఆ బరువు బట్టలను అద్దెకు తెచ్చుకొనుట అచ్చట సామాన్యము. సంప్రదాయము నిలిచినది, ఇల్లు తాకట్టు పడలేదు.

మన యిండ్లలో మాత్రము, అద్దె బట్టతో పిల్లను పీటల మీద కూర్చుండబెట్టుదుమా యని తల్లులు చెవులు మూసికొందురు. అక్కఱలేదు. సుముహూర్తమునకు మధుపర్కములున్నవి గదా! నూలువి, క్రొత్తవి, ఉతుకుపడనివి. సూత్రకారుడు కోరినవి సరిగా నవే. మంగళసూత్రధారణము, తలంబ్రాలు వానితోనే కానిండు. సాయంకాలపు విందునకు లెహంగా అద్దెకు తెచ్చుకొని, మఱునాడు దుకాణము తెఱచు వేళకు అప్పగించిన సరిపోవును. మధుపర్కపు చీర మాత్రము పసుపు వదలిన తరువాత ఇంటిలో కట్టుకొనుటకు వచ్చును.