వాన లేని నెల, సున్నతో భాగహారం

తొలకరి వానలు పడగానే వజ్రకరూరు చేలలో జనం వజ్రాలు వెదకుతారు. ఒకటి దొరికినా అది ఆ చాలులో పుట్టినది కాదు. కింబర్లైటు అనే శిలతో భూగర్భంనుండి పైకి వచ్చి, ఆ శిల శిథిలమైన తరువాత వాననీటితో కొట్టుకొని వచ్చినది. కంప్యూటరు ప్రోగ్రాములో దోషం సంగతీ ఇంతే. బయటపడే చోటు వేరు, పుట్టిన చోటు వేరు. ప్రమేయ పద్ధతిలో రాసిన ప్రోగ్రాములలో ఈ ఎడం మరీ ఎక్కువ.

ఆ పద్ధతిని సమర్థిస్తూ జాన్ హ్యూజ్ రాసిన ప్రసిద్ధవ్యాసం 1989లో అచ్చయింది. గణితంలో ప్రమేయం ఒకే విలువకు ఎప్పుడూ ఒకే ఫలితం ఇస్తుంది. ప్రోగ్రాములోని ప్రతి భాగమూ అట్లే ఉంటే, ఏది ముందు ఏది వెనుక అన్న చింత అక్కరలేదంటాడాయన. పైగా ఏ విలువనూ అవసరం పడేదాకా లెక్కకట్టరాదు. వర్గమూలానికి న్యూటన్-రాఫ్సన్ పద్ధతిలో అంతులేని ఉజ్జాయింపుల జాబితాను ఒక ప్రమేయం తయారుచేస్తుంది; కావలసినన్ని మాత్రమే మరొకటి తీసుకొంటుంది. ఉదాహరణ ముచ్చటగా ఉన్నది, వాదన బలంగా ఉన్నది. కాని ఆ వ్యాసంలోని ప్రోగ్రాములన్నీ సక్రమంగా నడిచేవే!

వానలెక్కలు కట్టే ప్రోగ్రామును ఊహించండి. ఒక ప్రమేయం నెలలోని వానరోజులను ఏరుతుంది. రెండవది వాటి వర్షపాతాన్ని కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తుంది. మూడవది పట్టిక నింపుతుంది. అనంతపురం సీమలో జనవరి అంతా చినుకు పడకపోవడం వింత కాదు. అప్పుడు జాబితా ఖాళీ, భాజకం సున్న. అయినా యంత్రం అప్పుడే ఆగదు. ఆ గడిలో "తరువాత లెక్కకడతాను" అని చీటీ పెట్టి ముందుకు పోతుంది. చివర పట్టికను అచ్చువేయబోయినపుడు చీటీ విప్పి కుప్పకూలుతుంది. అప్పుడు దొరికే జాడ, విలువను అడిగినది ఎవరో చెబుతుంది. దానిని తప్పుగా తయారుచేసినది ఎవరో చెప్పదు. హాస్కెల్ భాషలో ఇట్టి ప్రోగ్రాములు చాలాకాలం సున్నతో భాగహారం జరిగిందని మాత్రమే చెప్పి ఊరుకొనేవి. 2016లో వచ్చిన 8.0వ జి.హెచ్.సి. కంపైలరులో, ప్రమేయాన్ని పిలిచిన పంక్తిని చూపే ఏర్పాటు స్థిరపడింది. అది మేలే. కాని జాబితా ఎందుకు ఖాళీ అయిందో ఆ పంక్తి చెప్పలేదు.

హ్యూజ్ మెచ్చిన స్వేచ్ఛయే ఇక్కడ సాక్ష్యాన్ని చెరిపివేసింది. క్రమం అక్కరలేదన్నారు, క్రమంతోపాటు కాలిజాడ కూడ పోయింది. అయితే అదే గుణం మరొక దారి తెరుస్తుంది, దానినీ ఆ వ్యాసం పట్టించుకోలేదు. 1980ల ఆరంభంలో ఎహుద్ షాపిరో ప్రొలాగ్ ప్రోగ్రాములకై ఒక విధానం చెప్పాడు; తరువాత అది ప్రమేయ భాషలకూ వచ్చింది. అందులో యంత్రమే ప్రశ్నలు వేస్తుంది: ఈ ప్రమేయానికి ఇది ఇస్తే ఇది వచ్చింది, సరియేనా? తన ఫలితం తప్పై, తాను పిలిచిన వాటి ఫలితాలన్నీ ఒప్పయితే, దోషం ఆ ప్రమేయానిదే. ఫలితం కాలంమీద ఆధారపడదు గనుక ప్రతి పిలుపునూ విడిగా విచారించవచ్చును.

మన ప్రోగ్రాములో మొదటి ప్రశ్న సులభం: జనవరి జాబితా ఖాళీ, సరియే. రెండవది చిక్కు. ఖాళీ జాబితాకు సగటు లేకపోవడం ఒప్పా, తప్పా? దీనిని యంత్రం తేల్చలేదు. రాబర్ట్ ఫిండ్లర్, మథియాస్ ఫెలైసెన్ 2002లో చూపిన మార్గం, ఒప్పందాన్ని ముందే రాసిపెట్టడం. "ఖాళీ జాబితా ఇవ్వరాదు" అని సగటు ప్రమేయం వాకిట రాసి ఉంటే, నింద పిలిచినవారిమీద పడుతుంది. ఊరికే సున్న అని వేస్తే యంత్రం ఆగదు గాని, పట్టిక అబద్ధమాడుతుంది. వానరోజే లేనపుడు వానరోజుకు సగటు అనే ప్రశ్నకు అర్థం లేదు. ఆ గడిలో "వాన లేదు" అని రాయవలసినది పట్టిక నింపే ప్రమేయం.