గురువు కూలాక శిష్యుడు

జానపద కథ రాసేటప్పుడు నా కలం ఎక్కువగా ఆగిపోయేది మాంత్రికుడి శిష్యుడి దగ్గరే. గురువు బతికున్నంతకాలం వాడితో పేచీ లేదు. పిలిస్తే పలుకుతాడు, చెప్పింది చేస్తాడు. అది భయమో భక్తో ఎవరూ అడగరు. గురువు కూలాకే అసలు చిక్కు. ఆజ్ఞాపించేవాడూ లేడు, శపించేవాడూ లేడు. ఇప్పుడు వీడేం చేస్తాడు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు 1951 నాటి 'పాతాళభైరవి' గుర్తొస్తుంది. నేపాళ మాంత్రికుడంటే ఎస్వీ రంగారావు కళ్లముందు నిలుస్తాడు. పద్మనాభం వేసిన అతని శిష్యుడు సదాజపను మాత్రం తేలిగ్గా దాటేస్తాం. మాంత్రికుణ్ణి కథానాయకుడు తోట రాముడు బలి ఇచ్చేశాడు, కోరికలు తీర్చే బొమ్మ అతని చేతికి చిక్కింది. ఆ క్షణాన సదాజప తన దారి తాను చూసుకోవచ్చు. పోయినవాడు తిరిగొచ్చి నిలదీయడు కదా! అయినా శవం కంటపడగానే సంజీవనితో బతికిస్తాడు. పింగళి నాగేంద్రరావు కథాశిల్పంలో నాకు మరీ ఇష్టమైంది దీని తరువాయి. చివర్లో రాముడి పక్షానున్న అంజి సదాజప స్థానంలో చేరి, ఎత్తుకొచ్చిన రాకుమారి మెచ్చాలంటే గడ్డం తీయాల్సిందేనని మాంత్రికుణ్ణి ఒప్పిస్తాడు. శక్తులన్నీ ఆ గడ్డంలోనే ఉన్నాయి! అంత జిత్తులమారి ఎలా మోసపోయాడు? తనకు ప్రాణం పోసినవాడి మాటను ఎందుకు శంకిస్తాడు? నమ్మకమైన శిష్యుడే గురువు కోటకు దొడ్డిదారి అయ్యాడు.

ఆంగ్ల రచయిత టోల్కిన్ సృష్టించిన సౌరాన్ తీరు వేరు. 1977లో వెలువడిన 'సిల్మరిలియన్'లో, చీకటి దొర మోర్గోత్ ఓడాక అతని సేనాని సౌరాన్ విజేతల దూత ముందు తలవంచి తప్పొప్పుకుంటాడు. క్షమించే అధికారం తనకు లేదు, వెళ్లి దేవతల రాజు మాన్వే తీర్పుకు నిలబడమంటాడు దూత. ఆ అవమానం మింగలేక సౌరాన్ దాక్కుంటాడు. యుగం మారాక నూమెనార్ అనే ద్వీపరాజ్యంలో అదే మోర్గోత్‌కు గుడి కట్టించి నరబలులు ఇప్పిస్తాడు. దాన్ని స్వామిభక్తి అనడానికి నాకు మనసొప్పదు. రాజును గుప్పిట్లో పెట్టుకోడానికి పోయిన దొర పేరు వాడుకున్నాడంతే.

కథలు పట్టుకుని నా దగ్గరికొచ్చే పిల్లలతో, గురువు శిష్యుడికి ఏమిచ్చాడో ముందు తేల్చుకోమంటాను. విద్యా, అన్నమా, ఒట్టి భయమా? భయమొక్కటే అయితే గురువు కూలిన రాత్రే వాడు పారిపోవాలి. తెల్లారేదాకా శవం పక్కన కూర్చోబెడితే నేను నమ్మను, తిప్పి పంపేస్తాను.