పొద్దు వాలేదాకా ఆగని రుచి

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం గరోన్ నది ఒడ్డున 2016లో వైన్ కోసమే ఒక పెద్ద భవనం కట్టుకుంది. పేరు లా సితే ద్యు వాఁ. వచ్చినవాళ్లు వైన్ కథంతా చూసి, చివరికి ఎనిమిదో అంతస్తుకెక్కి, ఊరిని చూస్తూ ఒక గ్లాసు రుచి చూస్తారు. మన గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో కాటన్ దొరగారికి మ్యూజియం ఉంది. కల్లుకి అలాంటిది కట్టడం కష్టమే. వైన్ సీసాలో ఏళ్లు ఆగుతుంది, కల్లు పొద్దు వాలేదాకా ఆగదు.

తెల్లవారుజామున దించిన తాటికల్లు తియ్యగా, నురగతో ఉంటుంది. ఎండెక్కేసరికి పులుపు తిరుగుతుంది. సాయంత్రానికి ఘాటు. మర్నాటికి పుల్లటి వెనిగరు. ఒకే చెట్టు, ఒకే కుండ. అడగాల్సింది ఏ ఏడాదిదని కాదు, ఎన్నింటికి దించావని.

ఆ రుచి గీసేవాడి చేతిలో ఉంది. మగ తాడి గెలని కర్రలతో నొక్కి, కొన్నాళ్లు మెత్తబరచి, అప్పుడు కొస కోసి కుండ కడతాడు. ఆ తర్వాత రోజూ పొద్దునా సాయంత్రం చెట్టెక్కి కొసని పల్చగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అరిగిపోతుంది, చెక్కడం మానేస్తే గాయం ఆరి ధార ఆగిపోతుంది. ఆడచెట్టునీ గీస్తారు, కానీ గీసిన గెలకి ముంజలు రావు. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. ఇదంతా నడుముకి మోకు చుట్టుకుని, పాదాలకి బందం వేసుకుని, అరవై అడుగుల ఎత్తున చేసే పని. బోర్డోలో ఎనిమిదో అంతస్తుకి లిఫ్టు ఉంది.

కుండ సంగతి మరీ ముఖ్యం. నిన్నటి కుండలో మిగిలిన మడ్డిలోనూ, గాలిలోనూ ఉన్న ఈస్ట్ తీపిని ఆల్కహాలుగా మార్చేస్తుంది. అదే కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా అవుతుంది. హైదరాబాదులో 2023 మేలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మింది ఈ తియ్యటి రసాన్నే. మనకి రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. తాటినీరా, బెల్లం మీద అక్కడ పని జరిగింది. నీరా మంచిదే, నాకూ ఇష్టం. కాకపోతే కాలాన్ని ఆపేసిన కల్లు అది.

ఆ దారిలోనే మారేడుమిల్లి వైపు వెళ్తే జీలుగు కల్లు దొరుకుతుంది. తాటికల్లుకన్నా మెత్తన. రుచి చూడాలంటే పొద్దున్నే చెట్టు దగ్గరికే పోవాలి. జీలుగు బతుకంతా పూస్తూనే ఉండదు. ఎదిగాక ఒకసారి మొదలుపెట్టి, పైనుంచి కిందికి ఒక్కో గెలే వేస్తూ వస్తుంది. గీసే మనిషి ఏటా కొంచెం కిందికి దిగుతుంటాడు. అడుగు గెల అయిపోయాక చెట్టు ఎండిపోతుంది.