అనిశ్చయార్థక పదాల అనువాదం: ఇంగ్లీషు, గ్రీకు, తెలుగు - ఒక పరిశీలన

నేటి సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం ఒకప్పుడు మునగాల సంస్థానాధీశుల కోట ఉన్న ఊరు. నిజాం రాజ్యం చుట్టుముట్టి ఉన్నా, ఈ పరగణా బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. రాజా నాయని వెంకట రంగారావు వద్ద దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు (1877-1923) 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పాటుకు, తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకున్నారు. ఆధునిక శాస్త్ర విషయాలను తెలుగు వచనంలో చెప్పడం ఈ కృషికి ప్రాణం.

ఈ కృషిని గురించిన చర్చ సాధారణంగా పరిభాష చుట్టూ తిరుగుతుంది. ఏ శాస్త్రపదానికి ఏ తెలుగు పదం కల్పించారు, అది సంస్కృత సమమా, దేశ్యమా అన్నవే మన ప్రశ్నలు. అయితే శాస్త్ర వాక్యపు సత్యాసత్యాలు నామవాచకాల మీదనే ఆధారపడవు. 'ఎనీ', 'సమ్' వంటి అనిశ్చయార్థక పదాలను తెలుగులో ఎలా చెప్పామన్న దానిమీద కూడా అంతగానూ ఆధారపడతాయి. ఈ అంశాన్ని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

భౌతికశాస్త్రం నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. 'ఏ రెండు వస్తువులైనా పరస్పరం ఆకర్షించుకొంటాయి' అన్నది నియమం. 'ఏవో రెండు వస్తువులు పరస్పరం ఆకర్షించుకొంటాయి' అంటే అది నియమం కాదు, ఎక్కడో జరిగిన ఒక సంఘటన. రెండింటిలోనూ పారిభాషిక పదాలు ఒకటే. మారినవి ప్రత్యయాలు మాత్రమే. పరిభాష ఎంత నిర్దుష్టంగా ఉన్నా ఇక్కడ సార్వత్రిక సత్యం చేజారిపోయింది.

తెలుగులో అనిశ్చయార్థం ప్రధానంగా ప్రశ్నార్థక పదం నుంచే పుడుతుంది. 'ఎవరు' అనే ప్రశ్నకు 'ఓ' చేరితే 'ఎవరో': వ్యక్తి ఉన్నట్లు నిశ్చయమే, గుర్తు మాత్రం తెలియదు. 'ఐనా' చేరితే 'ఎవరైనా': వ్యక్తి ఉనికే నిశ్చయం కాదు, లేదా ఎవరన్నది పట్టింపు లేదు. సముచ్చయార్థకమైన 'ఊ' చేరి, వ్యతిరేక క్రియతో అన్వయిస్తే 'ఎవరూ రాలేదు': సంపూర్ణ నిషేధం. శాసన వ్యవహారంలో కనిపించే 'ఎవరేని', 'ఏదేని' రూపాల్లోని 'ఏని' షరతును తెలిపేది. ఇక వక్తకు తెలిసినా శ్రోతకు కొత్తయిన వ్యక్తిని కథలోకి తెచ్చేటప్పుడు 'ఒక', 'ఒకానొక' వాడతాం.

ఇంగ్లీషు విభజన ఇలా ఉండదు. 'సమ్‌వన్' వచ్చినట్లు చెబితే 'ఎవరో వచ్చారు' అంటాం. అదే 'సమ్‌వన్'ను పంపమని కోరితే 'ఎవరినైనా పంపండి' అంటాం. 'ఎనీవన్' చేయగలరంటే 'ఎవరైనా చేయగలరు'. 'ఎనీవన్'ను చూడలేదంటే 'ఎవరినీ చూడలేదు'. కాబట్టి 'సమ్' అంటే కొన్ని, 'ఎనీ' అంటే ఏదైనా అని బడిలో నేర్పే సమీకరణం వాక్యంలోకి వచ్చేసరికి నిలవదు.

గ్రీకుతో పోల్చితే తెలుగు స్వభావం మరింత స్పష్టమవుతుంది. ప్రాచీన గ్రీకులో 'తిస్' అనే ఒకే పదం ఉదాత్తస్వరంతో పలికితే 'ఎవరు', స్వరం కోల్పోయి ముందు పదాన్ని ఆశ్రయిస్తే 'ఎవరో' లేదా 'ఎవరైనా'. ప్రశ్న నుంచే అనిశ్చయం పుట్టడంలో గ్రీకు, తెలుగు సన్నిహితాలు. గ్రీకు స్వరంతో చేసే పనిని తెలుగు ప్రత్యయంతో చేస్తుంది. అయితే 'ఎవరో', 'ఎవరైనా' అనే భేదాన్ని 'తిస్' స్వయంగా చూపదు, సందర్భమే చూపాలి. నామవాచకం పక్కన అది వస్తే తెలుగులో తరచు 'ఒక' చాలు. 'ఎవరైనా సరే' అనే పట్టింపులేని ఎంపికకు గ్రీకులో 'హోస్తిసూన్' అనే ప్రత్యేక రూపం ఉంది.

నిషేధం దగ్గర రెండు భాషల దారులు వేరవుతాయి. గ్రీకు 'ఊదేయిస్', 'ఊతిస్' పదాల్లోనే నిషేధం ఉంది. తెలుగు 'ఎవరూ'లో అది లేదు, క్రియలో ఉంది. ఒడిస్సీ తొమ్మిదో సర్గలో ఒడిస్సియస్ తన పేరు 'ఊతిస్' అని ఒంటికన్ను రాక్షసుడికి చెబుతాడు. గాయపడిన రాక్షసుడు ఊతిస్ తనను చంపుతున్నాడని అరిస్తే, ఇరుగుపొరుగువారు ఎవరూ చంపడం లేదని అర్థం చేసుకొని వెళ్లిపోతారు. తెలుగులో 'ఎవరూ చంపుతున్నారు' అన్న వాక్యమే పొసగదు. క్రియను వ్యతిరేకం చేస్తే రాక్షసుడు చెప్పదలచినదే తలకిందులవుతుంది. అందువల్ల తెలుగు అనువాదకుడు 'ఎవడూకాడు' వంటి, నిషేధాన్ని తనలోనే మోసే పేరును కల్పించుకోవాలి. నిఘంటువులో 'ఊతిస్'కు 'ఎవరూ' అని సమానార్థకం ఇచ్చి ఊరుకుంటే ఈ చిక్కు కనబడదు.

ఇది కావ్యానువాదానికే పరిమితమైన సమస్య కాదు. సభ్యులు కాని వారికి పుస్తకాలు ఇవ్వకూడదన్న గ్రంథాలయ నియమాన్ని ఇంగ్లీషు నుంచి తెస్తున్నామనుకుందాం. 'సభ్యులు కాని ఎవరికీ పుస్తకాలు ఇవ్వరాదు' అన్నది సరైన అనువాదం. 'ఎనీ' కనబడగానే 'ఎవరికైనా ఇవ్వరాదు' అని రాస్తే నిషేధం సడలిపోతుంది. పైగా వ్యవహారంలో 'ఎవరికైనా ఇవ్వరాదూ?' అంటే ఇవ్వమని సూచించడమే! నియమం తన వ్యతిరేకార్థం అంచుకు చేరుతుంది. చట్టాలు, ప్రభుత్వ ఉత్తర్వులు తెలుగులోకి వచ్చేటప్పుడు ఇటువంటి జారుపాటు పౌరుడి హక్కును మార్చగలదు.

ద్విభాషా నిఘంటువుల్లో పదానికి పదం అన్న పద్ధతి ఒకటి ఉంది. నామవాచకాలకు అది సరిపోతుంది. అనిశ్చయార్థకాలకు మాత్రం వాక్యాన్ని ఆధారం చేసుకోవాలి: నిశ్చయ కథనంలో ఏది, ప్రశ్నలో ఏది, షరతులో, ప్రార్థనలో, నిషేధంలో, సార్వత్రిక నియమంలో ఏది అని ఆరోపాలు విడదీసి, ఒక్కొక్క దానికి తెలుగు రూపాన్ని ఉదాహరణతో ఇవ్వాలి. విజ్ఞాన చంద్రికా గ్రంథమాల, విజ్ఞాన సర్వస్వ సంపుటాల వచనాన్ని ఈ దృష్టితో పరిశీలిస్తే, తెలుగు శాస్త్రవచనం ఈ చిన్న పదాలను ఎలా లొంగదీసుకుందో తెలుస్తుంది. నడిగూడెం దివాను తలపెట్టిన పనిని అంచనా వేయడానికి ఆయన కాలపు పారిభాషిక పదాల పట్టిక ఒక్కటే చాలదు. 'ఏవో' ఎక్కడ, 'ఏవైనా' ఎక్కడ, 'ఏవీ' ఎక్కడ అన్న లెక్క కూడా తీయాలి.