కోపం రాకముందే నేర్వాల్సిన అడుగులు

ధింసా వరసలో చేరాలంటే ముందు పక్కవాళ్ళ వీపు వెనక చెయ్యి వేయాలి. అరకు, పాడేరు కొండల్లో పోర్జ, కోటియ, కొండదొర, బగత, వాల్మీకి తెగల ఊళ్ళలో ఆడే ఆట ఇది. మోరి ఊదుతుంటే, డప్పు, తుడుము మోగుతుంటే, పెనవేసుకున్న చేతులతో వరస వరసంతా కలిసి కదులుతుంది. గొడ్డిబేట ధింసాలో వంగుతూ, ఊగుతూ లేస్తూ పాతిక అడుగుల దాకా ముందుకు పోయి, అదే తీరున వెనక్కి వస్తారు. బాగ్ ధింసాలో పులి భయం ఆటవుతుంది. బాయ ధింసా అమ్మవారు పూనిన గణాచారిది. భయమూ పూనకమూ తాళంలోకొచ్చి, కాసేపుండి, దిగిపోతాయి.

దీన్ని వైద్యమని నేననను. రిసార్టులో పర్యాటకుల కోసం కాసేపు ఆడించే ధింసా చూసి, ఆదివాసులకు దిగులే ఉండదనుకునేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. కానీ ఒక్కటి మాత్రం నిజం. పండగ రాత్రి మోరి మోగాక అడుగు నేర్చుకుందామంటే కుదరదు, అంతకు ముందే కాళ్ళకు వచ్చి ఉండాలి. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్స, పొట్టిగా డీబీటీ, చెప్పేదీ ఇదే. ఉద్వేగం ముంచెత్తినప్పుడు పనికొచ్చే నేర్పును మనసు కుదురుగా ఉన్న రోజుల్లో, నలుగురితో కూర్చుని సాధన చేయాలి.

డీబీటీని రూపొందించిన మార్షా లినెహన్ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తగా పనిచేశారు. పదే పదే ప్రాణం తీసుకోబోయిన స్త్రీలతో చేసిన తొలి పరీక్ష ఫలితాలు 1991లో, చికిత్స గ్రంథం 1993లో వెలువడ్డాయి. తానూ పదిహేడేళ్ళప్పుడు మానసిక ఆసుపత్రిలో చేరి రెండేళ్ళకు పైగా ఉన్నానని, తనను తాను గాయపరుచుకునేదాన్నని ఆమె 2011లో గానీ బయటపెట్టలేదు. ‘నువ్వు మారాలి’ అంటే రోగులు తప్పంతా తమ మీదే వేశారని కుంగిపోయేవారు. ‘నీ బాధ అర్థమైంది’ అని ఊరుకుంటే బాధ ఉన్నచోటే ఉండేది. రెండూ కలిపి చెప్పాలని ఆమెకు తోచింది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడం నేర్చుకోవడానికి జెన్ గురువుల దగ్గరకు వెళ్ళారు. జెన్‌కు వేరు బౌద్ధ ధ్యానం. 

డీబీటీ నేర్పేవి నాలుగు: ఎరుక, కష్టాన్ని తట్టుకోవడం, ఉద్వేగాన్ని సర్దుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం. నాలుగింటికీ ఇక్కడ సమానంగా చోటివ్వలేను. ఎరుక అంటే మనసులో లేచేదాన్ని మంచీ చెడూ అని తీర్పు చెప్పకుండా గమనించడం. మిగతా వాటికి ఇదే పునాది.

ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఒక ఎనిమిదో తరగతి పిల్లను అనుకుందాం. ఆదివారం వస్తానన్న నాన్న రాలేదు. పక్క మంచం మీద పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. తన గురించేననుకుంది. ఒళ్ళు మండిపోతోంది. ఆ క్షణంలో ఎవరెన్ని సుద్దులు చెప్పినా చెవికెక్కవు. అందుకే డీబీటీ ముందు ఒంటి సంగతి చూస్తుంది. ఊపిరి బిగబట్టి, అర నిమిషం మించకుండా చల్లటి నీళ్ళలో ముఖం ముంచాలి. నీట మునిగినప్పటిలాగే గుండె వేగం తగ్గుతుంది. చలికాలం అరకులో దీనికి ఐసు వెతకనక్కర్లేదు, రాత్రి పట్టి ఉంచిన బిందె నీళ్ళు చాలు. గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరునడక్కుండా చేయకూడదు. నీళ్ళు వద్దంటే ఒగర్చేదాకా పరుగెత్తవచ్చు. ఆ తర్వాత శ్వాస: నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా వదలాలి. వదిలేది ఎక్కువసేపు ఉండటమే కిటుకు.

ఒళ్ళు చల్లబడ్డాక, జరిగిందేమిటి, నేననుకున్నదేమిటి అని విడదీయాలి. నాన్న రాలేదు, ఇది జరిగింది. నేనెవరికీ అక్కర్లేదు, ఇది అనుకున్నది. వాన పడి దారి పాడై ఉండొచ్చు, కూలి పని తగిలి ఉండొచ్చు. ఉద్వేగం జరిగినదానికి సరిపోలేదని తేలితే, అది చెయ్యమన్నదానికి ఎదురు చేయాలి. భయం పారిపొమ్మంటే దగ్గరకు వెళ్ళాలి. దిగులు ముసుగు తన్నమంటే లేచి నలుగురిలోకి రావాలి. కోపం మీద పడమంటే మెల్లగా పక్కకు తప్పుకోవాలి. మొక్కుబడిగా చేస్తే ఫలితముండదు. ముఖం, భుజాలు, గొంతు కూడా ఆ పనిలో కలవాలి.

మరి ఉద్వేగం జరిగినదానికి సరిపోతే? అప్పుడు మారాల్సింది పరిస్థితి, దానికి దారి వెతకమంటుంది డీబీటీ. మన్యంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉండగానే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనులకు లీజులిచ్చారు. అక్కడివాళ్ళ కోపం జరిగినదానికి సరిపోయిన కోపం. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది, 1997లో సుప్రీంకోర్టు అలాంటి లీజులు చెల్లవంది. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి కూర్చుని శ్వాస లెక్కపెట్టుకోండని మాత్రమే చెప్పి వెళ్ళి ఉంటే, దాన్ని నోరు నొక్కడమనే అనాలి.

పూర్తి డీబీటీలో వారం వారం విడిగా చికిత్స, గుంపుగా తరగతి, అవసరానికి ఫోనులో సలహా ఉంటాయి. అంత ఏర్పాటు ప్రతి మండలానికీ వస్తుందని నేను అనుకోను. గుంపు తరగతి మాత్రం హాస్టల్లోనే పెట్టవచ్చు. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడే పిల్లలను పుస్తకాల తెలుగులో ‘నీ భావోద్వేగమేమిటి’ అని అడిగితే బిక్కముఖం వేస్తారు. ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది, ఎక్కడ వేడిగా ఉంది, ఏం చెయ్యాలనిపిస్తోంది అని వాళ్ళ మాటలోనే అడగాలి.

చనిపోవాలన్న తలంపు వచ్చినవాళ్ళకు తరగతి ఒక్కటే చాలదు, డాక్టరు కావాలి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. అయితే ఆ నంబరు హాస్టల్ గోడ మీద రాసి ఉన్నా, ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది. ఆ ఫోను అడగడానికీ డీబీటీలో పాఠముంది: జరిగింది చెప్పు, నీకెలా ఉందో చెప్పు, కావలసింది సూటిగా అడుగు. పిల్ల అంతా నేర్చుకుని అడిగాక వార్డెన్ ‘రేపు చూద్దాంలే’ అంటే ఏం లాభం? నన్నడిగితే మొదటి తరగతి వార్డెన్లకే పెట్టాలి.